రబ్బరు పడవకు నిమ్మకాయల దండ

నేను పుట్టింది మర్రిగూడ దిక్కు. మా వైపు నీళ్ళంటే మూడే రకాలు: బిందెలో ఉండేవి, ట్యాంకరులో వచ్చేవి, బోరులో ఉన్నా తాగకూడనివి. అంతకు మించిన నీళ్ళు చూడాలంటే పెండ్లి చేసుకుని వేరే ఊరు పోవాల్సిందే. నేనూ అదే చేశాను. కేతేపల్లి మండలంలో, మూసీ ప్రాజెక్టు వెనకనీళ్ళ ఒడ్డున ఉన్న ఊరికి కోడలిగా వచ్చాను. వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్తమ్మ వాకిలి ఊడుస్తూ "గదిగో, మన మూసీ" అని చీపురుతోనే చూపించింది. అవతలి ఒడ్డు కనపడీ కనపడనట్లుంది. ఇన్ని నీళ్ళు ఒక్కచోట ఊరికే పడి ఉండటం మంచిది కాదని అప్పుడే అనిపించింది. ఆ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మారలేదు.

అలాంటి నన్ను తీసుకుపోయి వరద రక్షణ బృందంలో వేశారు. వేసింది సర్కారు కాదు, మా అత్తమ్మ.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. నీళ్ళ ఒడ్డున ఉన్న ఊళ్ళల్లో ఊరివాళ్ళతోనే ఒక బృందం కట్టాలని, వరదలొస్తే పై నుంచి మనుషులు వచ్చేదాకా వాళ్ళే చూసుకోవాలని కబురొచ్చింది. జీతం లేదు, బత్తెం లేదు. ఆడవాళ్ళు కూడా ఉండాలన్నారు. ఆ మాట మహిళా సంఘం మీటింగులో చెప్పగానే అందరూ చీర కొంగులు సర్దుకుంటూ నేల చూపులు చూశారు. మా అత్తమ్మ మాత్రం చెయ్యెత్తింది.

"ఏమిస్తరు?" అని అడిగింది.

"ఒక కోటు, ఒక సీటి ఇస్తరంట."

"కోటు ఊకెనే ఇస్తరా? పైసల్ కట్టేది లేదు గదా?"

"లేదు. ఊకెనే."

"అయితే మా కోడలి పేరు రాసుకోండ్రి."

అట్లా నేను నీళ్ళల్లో మునిగేవాళ్ళను కాపాడే మనిషినయ్యాను. మోకాలి లోతు దాటి నీళ్ళలో ఎన్నడూ నిలబడని దాన్ని. మా ఆయన లారీ మీద ఎక్కడో మహారాష్ట్రలో ఉన్నాడు. ఫోను చేసి చెబితే చాలాసేపు నవ్వి, "కోటు నాకు పెట్టు, చలికి పనికొస్తది" అన్నాడు. ఆ ఇంట్లో నా ప్రాణం విలువ కోటు కన్నా ఒక మెట్టు కింద ఉందని నాకు అర్థమైంది.

బృందానికి పెద్దగా మా ఊరి ట్రాక్టరు డ్రైవరును పెట్టుకున్నాము. అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. ఊళ్ళో బండి నడపడం బాగా వచ్చిన మనిషి ఆయనే. ట్రాక్టరు నడిపేవాడు పడవ నడపలేడా అని ఊరి లెక్క. అప్పటికి పడవ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, పడవ లేకముందే మాకు కెప్టెన్ ఉన్నాడు.

శిక్షణ ఇవ్వడానికి జిల్లా నుంచి ఒక సారు వచ్చాడు. మంచి మనిషి, పాపం. నీళ్ళలోకి దించితే ఎవరికైనా ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదని పై వాళ్ళు అడిగారట. అందుకని శిక్షణ మొత్తం బడి గ్రౌండులోనే పెట్టాడు. మమ్మల్ని రెండు వరుసలుగా నేల మీద కూర్చోబెట్టి చేతికో కట్టె ఇచ్చాడు. ఆయన సీటి ఊదితే ఎడమ వరుస లాగాలి, మళ్ళీ ఊదితే కుడి వరుస లాగాలి. చీరలు దోపుకుని, కట్టెలతో మట్టిని తోడుతూ, కూర్చున్న చోటే కూర్చుని మేము మూసీని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటాము. ఊరంతా గోడ మీద కూర్చుని చూసింది. మధ్యాహ్నానికి అందరం నెత్తి నుంచి కాలి వేళ్ళ దాకా ఎర్రదుమ్ముతో లేచాము.

"సార్, ఈత నేర్పరా?" అని నేనే అడిగాను. నా బాధ నాది.

"ఈతకు పద్దు వేరే ఉంటదమ్మా. ఆ పద్దు ఇంక రాలేదు" అన్నాడాయన.

ఆ మాట అన్నప్పుడే మా మామ గొర్రెలను తోలుకుని గ్రౌండు పక్క నుంచి పోతున్నాడు. ఇక్కడ మా మామ గురించి, మా ఇంటి రివాజు గురించి చెప్పాలి. ఆయనకు గొర్రెలే లోకం. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ముందర మందకు పెద్ద అయిన పొట్టేలు. మా ఇండ్లల్లో కోడలు మామతో ముఖాముఖి మాట్లాడదు. ఎదురు పడితే పక్కకు తప్పుకోవాలి. చెప్పే మాట ఏమన్నా ఉంటే అత్తతో చెప్పాలి. అత్త లేకపోతే గోడతో చెప్పాలి, స్తంభంతో చెప్పాలి. నేను ఆ పొట్టేలుతో చెప్పేదాన్ని. "ఓ పొట్టేలా, అన్నం చల్లగైతున్నదని మామకు చెప్పు" అనేదాన్ని. "కాళ్ళు కడుక్కొని వస్తున్నడని చెప్పు" అని ఆయన దానికే చెప్పేవాడు. అది మధ్యన నిలబడి నెమరు వేసుకునేది. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి మా ఇద్దరి మధ్య మాట పట్టింపు రాలేదంటే ఆ పుణ్యం దానిదే. మనుషులైతే ఒకటికి రెండు కలిపి మోసేవాళ్ళు.

ఆ రోజు గ్రౌండులో మమ్మల్ని చూసి మామ ఆగాడు. పొట్టేలుతో అన్నాడు, "చూసినవా, నేల మీద పడవ నడుపుతున్నరు. మనమే నయం. గడ్డి ఉన్నకాడనే మేస్తం."

గోడ మీద వాళ్ళంతా కడుపుబ్బ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది కానీ, పొట్టేలును తిట్టి లాభం లేదు కదా.

ఇచ్చిన కోట్లు నారింజ రంగువి, లోపల మెత్తగా, తొడుక్కుంటే మనిషి నీళ్ళలో తేలతాడని చెప్పారు. మునిగే పని ఎవరికీ పడలేదు కాబట్టి ఎవరికి తోచిన పనికి వాళ్ళు వాడుకున్నారు. కెప్టెన్ తన దాన్ని ట్రాక్టరు సీటు మీద పరిచాడు. ఒకాయన మిరపచేనులో కట్టెకు తొడిగి నిలబెట్టాడు, అడవిపందులు ఆ చేను దిక్కు రావడం మానేశాయని ఊరంతా చెప్పుకున్నాడు. నాది మా అత్తమ్మ నడుము నొప్పికి ఆనుకునే దిండయింది. "సర్కారు ఇన్నేండ్లకు ఒక్క మంచి సామాను ఇచ్చింది" అని ఆమె వచ్చిన వాళ్ళందరికీ చూపించేది.

మరుసటి ఏడు పడవ వచ్చింది. జీపులోంచి ఒక పెద్ద సంచి దించి "ఇదే పడవ" అన్నారు. ఊరంతా దాని చుట్టూ మూగింది. మడత విప్పితే నల్లటి రబ్బరు. ఎక్కడో వాడి పక్కన పెట్టిందట, మాకు పంపారు. గాలి కొడితే మంచి ఎత్తుగానే లేచింది. తెడ్లు రెండు వచ్చాయి, ఒకటి విరిగింది.

"మోటరేది సార్?" అని కెప్టెన్ అడిగాడు.

"మోటరు వేరే పద్దు. అది కూడా వస్తది."

"మరి పెట్రోలు?"

"ముందు మోటరు రానీయండ్రి" అన్నాడు సారు. అందులో న్యాయం ఉంది. అడిగినకొద్దీ పద్దులు పెరుగుతున్నాయని కెప్టెన్ అక్కడితో ఆపేశాడు.

ఇక ఊరే చూసుకోవాలని తీర్మానమైంది. మా ఊళ్ళో చందా అంటే పైసలు రాలవు, వస్తువులు రాలతాయి. ఒకరు గడ్డపార ఇచ్చారు. ఇంకొకరు తెడ్డుకు బదులు పార ఇచ్చారు. నలుగురు రైతులు బోరు మోటర్లు దింపే తాళ్ళు ఇస్తామన్నారు. తాళ్ళు చూసిన గీత కార్మికుడు నవ్వాడు. తాడిచెట్టు ఎక్కే మనిషి కదా, తాడు మీద ఆయన ప్రాణమే వేలాడుతుంది. "గివేం తాళ్ళు? మోకు ఇస్త తీస్కోండ్రి. మా వాళ్ళయి గూడ ఇప్పిస్త" అన్నాడు. మోకు ఇచ్చిన పూట ఆయన చెట్టెక్కలేడు. చెట్టెక్కకపోతే ఊరికి కల్లు లేదు. అందుకని వరదొచ్చిన నాడే మోకులు తీసుకోవాలని, ఊరికే ప్రాక్టీసు పేరు మీద ముట్టుకోవద్దని కల్లు తాగే పెద్దలంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. మా ఊళ్ళో ఏ విషయంలోనూ అంత ఐకమత్యం నేను చూడలేదు.

మామను కూడా అడిగారు. ఒక గొర్రెను ఇస్తే అమ్మి చిన్న గాలి పంపు కొంటామన్నారు. ఆయన కెప్టెన్ వైపు చూడకుండా మూసీ వైపు చూశాడు.

"పుట్టినకాడి నుంచి గీ మూసీ ఒడ్డునే ఉన్న. నా గొర్లు ఎన్నడు మునగలే. మునిగేటోళ్ళను అడుగుపో బిడ్డ" అన్నాడు.

"ఆపద చెప్పొస్తదా, పెద్దయ్యా?"

"నాకు చెప్పే వస్తది."

దసరా వచ్చింది. ఊళ్ళో ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు అన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టాము. పడవకు కూడా పూజ చేయాలని మా అత్తమ్మ పట్టుబట్టింది. ఊరి ఆస్తి కదా. మిగతా బండ్లయితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. పడవకు చక్రాలు లేవు. దీని మీద కాసేపు చర్చ జరిగింది. చివరికి పడవను నలుగురు ఎత్తి పట్టుకున్నారు, చక్రాల బదులు కెప్టెనే నిమ్మకాయలను కాలితో తొక్కాడు. బాగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. దిష్టి దండ మిగిలింది. నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చి అత్తమ్మ తెచ్చిన దండ. ట్రాక్టరుకైతే బంపరుకు కడతాము, ఇంటికైతే గుమ్మానికి మేకు కొడతాము. నున్నటి పడవకు ఎక్కడ కట్టేది? పక్కనున్న తాళ్ళకు కడితే కనపడదని, ఎదురుగా ఉంటేనే దిష్టి దండకు తగులుతుందని అత్తమ్మ వాదం. మేమంతా కొబ్బరికాయ కొట్టే చోట ఉండగా ఆమె రొంటిన దోపుకున్న దబ్బనం తీసింది. పత్తి బస్తాలు కుట్టే దబ్బనం అది. బస్తా మూతికి కుట్టు వేసినంత నేర్పుగా పడవ ముక్కుకు ఒక కుట్టు వేసింది.

బుస్సుమని చప్పుడు వచ్చింది.

"పాము!" అని ఎవరో అరిచారు. అంతే. కొబ్బరికాయ ఒక దిక్కు, మనుషులు ఒక దిక్కు. గీత కార్మికుడైతే పక్కనున్న వేపచెట్టు ఎక్కేశాడు, మోకు లేకుండానే. అందరం దూరంగా నిలబడి పాము ఎక్కడిదా అని చూస్తుంటే పడవ ముందుభాగం మెల్లగా మోకాళ్ళ మీద కూలబడింది. అత్తమ్మ ఒక్కతే దాని పక్కన దబ్బనం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కదలకపోవడం చూసి ముందు భయపడి బిగుసుకుపోయిందనుకున్నాము.

"నేను జరంత గుచ్చిన గంతే" అంది ఏడుపు గొంతుతో.

మామ పొట్టేలు వీపు తట్టాడు. "దిష్టి పోయింది. దాని ఎంబటే గాలి గూడ పోయింది" అన్నాడు.

అత్తమ్మ మూడు పూటలు అన్నం తినలేదు. తను ఊరిని ముంచేశానని ఏడ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్లయిందని నేను ఓదార్చబోతే, సామెతలు చెప్పొద్దని కసిరింది.

పడవను ట్రాలీలో వేసుకుని హైవే మీద పంక్చర్లు వేసే ఆయన దగ్గరికి పోయాము. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. లారీ ట్యూబు ముక్క కోసి, రాకి, జిగురు పెట్టి అతికించాడు. కానీ ఈ రబ్బరు వేరట, ఆ జిగురు దీనికి పూర్తిగా పట్టదట. "పడవల మూడు గదులున్నయి. ముందు గది మాత్రం గాలి నిలుపుకోదు. జర జర పోతనే ఉంటది. ఎవలన్న ఒకలు కూసోని తొక్కుకుంట పోవాలె" అని తన కాలి పంపు ఒకటి ఇచ్చాడు. అది మళ్ళీ తెచ్చివ్వాలని గట్టిగా చెప్పాడు. ఊరి రక్షణ దళం మొత్తం అరువు పంపు మీద నిలబడింది.

ఆ ఏడు మా దగ్గర వానలు లేవు. దసరా నాటికి మూసీ బాగా వెనక్కు పోయింది. నీళ్ళు పోయిన చోట పచ్చగడ్డి లేచింది. ఆ జాగాను మా వైపు శిఖం అంటారు, నీళ్ళు నిండితే చెరువు, తగ్గితే అందరి బీడు. శిఖం మధ్యలో ఒక దిబ్బ ఉంది. మామ రాత్రిళ్ళు కూడా గొర్రెలను ఆ దిబ్బ మీదే మంద పెట్టేవాడు. మా ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కానీ మూసీకి మా ఆకాశంతో పని లేదు. ఎగువన పట్నంలో వాన పడితే దానికి చాలు.

పట్నంలో వాన పడింది, అది కూడా అలా ఇలా కాదు. తెల్లవారేసరికి దిబ్బ చుట్టూ నీళ్ళు. మామ అత్తమ్మకు ఫోను చేశాడు. "ఏం లేదు గని, జర నీళ్ళొచ్చినయి" అన్నాడు. మా మామ నోట "జర" అంటే ఎంతో అత్తమ్మకు తెలుసు. చేతిలోని చెంబు అక్కడే పడేసి ఒడ్డుకు ఉరికింది.

ఊరంతా ఒడ్డున చేరింది. దూరంగా దిబ్బ మీద తెల్లగా, గోధుమ రంగుగా గొర్రెలు, మధ్యలో నిలబడ్డ మామ. నిన్నటి కన్నా దిబ్బ సగమైంది. కెప్టెన్ జిల్లాకు ఫోను చేస్తే మోటరు పడవ ఇంకో చోట ఉందన్నారు, బయలుదేరుతున్నాం అన్నారు, దారిలో వాగు పొంగిందన్నారు. నీళ్ళు మాత్రం ఎవరికీ ఫోను చేయకుండా వస్తూనే ఉన్నాయి. మామకు ఈత రాదు. పుట్టినకాడి నుంచి ఒడ్డున ఉన్నాడు, ఒక్కనాడూ దిగలేదు.

మా రబ్బరు పడవను దించారు. మోకులన్నీ ముడివేసి, వాటికి బోరు తాళ్ళు కలిపి, ఒక కొస పడవకు, ఇంకో కొస ట్రాక్టరుకు కట్టారు. కల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రాక్టరు మీద కెప్టెన్ తమ్ముడు కూర్చున్నాడు, సీటి వినపడితే వెనక్కు లాగాలి. తెడ్డు కెప్టెన్ చేతిలో, పార గీత కార్మికుడి చేతిలో. ఇక ముందు గదికి పంపు తొక్కే మనిషి కావాలి. బరువు మనిషి పనికిరాడు. బృందంలో అందరి కన్నా బక్కదాన్ని నేనే. అందరూ నా వైపు చూశారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఈసారి ఆమె నా పేరు చెప్పలేదు.

"నువ్వొద్దు బిడ్డ. నీకు ఈత రాదు. ఇద్దర్ని పోగొట్టుకొని నేనేం జెయ్యాలె?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పోనని అంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ దిబ్బ మీద మామ చెయ్యి కూడా ఊపకుండా నిలబడి ఉన్నాడు. ఎవరినీ సాయం అడగడం రాని మనిషి. "కోటు తీస్కరా అత్తమ్మా" అన్నాను. ఆమె ఇంటికి ఉరికి తెచ్చి తనే తొడిగి, ముళ్ళు ఒకటికి రెండు వేసింది. దానికి ఆమె తల నూనె వాసన, నొప్పుల మందు వాసన పట్టి ఉన్నాయి. అది వేసుకుంటే కొంచెం ధైర్యం వచ్చింది.

పడవ ఎక్కినప్పటి నుంచి నేను నీళ్ళ వైపు చూడలేదు. పంపు వైపే చూశాను. తొక్కితే ముందు గది లేస్తుంది, ఆగితే వంగుతుంది. పట్నం నురుగు, చెప్పులు, సీసాలు మా పక్క నుంచి పోతున్నాయి. గీత కార్మికుడు పారతో నీళ్ళను తోస్తూ "అక్కా, ఆగకు" అంటున్నాడు. ఆగే ఆలోచన నాకు లేదు. గ్రౌండులో నేర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు, ఒక్క దుమ్ము తప్ప.

దిబ్బ దగ్గరికి చేరాము. గొర్రెలు ఒకదానికొకటి అతుక్కుని నిలబడ్డాయి. అంచున ఉన్న వాటికి మోకాళ్ళ దాకా నీళ్ళు. మామ రెండు పిల్లలను చంకల్లో పెట్టుకున్నాడు.

"ఎక్కు పెద్దయ్యా, జల్ది" అన్నాడు కెప్టెన్.

"ముందుగాల గొర్లను ఎక్కియ్యి."

"గొర్లనా? డెక్కలు తగిల్తె పడవ చినిగిపోతది. మనుషులకే జాగా లేదు."

"గట్లయితే మీరు పోండ్రి" అని మామ ఒక రాయి మీద కూర్చున్నాడు.

కెప్టెన్‌కు కోపం వచ్చింది. మెడ పట్టి ఎక్కిస్తానన్నాడు. మామ కర్ర గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళు ఆ రాయి దాకా వస్తున్నాయి. ఒడ్డు నుంచి అత్తమ్మ కేకలు గాలికి తెగి తెగి వినపడుతున్నాయి. నేను కాలితో పంపు తొక్కుతూనే పొట్టేలు వైపు తిరిగాను.

"ఓ పొట్టేలా, అత్తమ్మ ఒడ్డు మీద మొత్తుకుంటున్నదని మామకు చెప్పు."

"గొర్లను ఇడిసిపెట్టి ఒడ్డుకొస్తే నేను ఏ ముఖం పెట్టుకొని బతకాలె, అడుగు" అన్నాడు మామ దానితో.

"గొర్లన్ని నీ ఎనుక వస్తయి గదా పొట్టేలా. నువ్వు ఎవరి ఎనుక వస్తవు?"

పొట్టేలు నా వైపు చూసింది. అది ఏం చెబుతుంది? మామే అన్నాడు, "నా ఎనుక."

"మరి నువ్వు పడవల కూసుంటె మామా?"

అన్న తరువాత గాని నాకు తెలియలేదు, ఆ మాట సూటిగా ఆయనతోనే అన్నానని. ఆయనా నా వైపు చూశాడు. మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన లేచి, గొర్రెపిల్లలను నా ఒళ్ళో పడేసి, తలపాగా విప్పి పొట్టేలు కొమ్ములకు కట్టి, ఇంకో కొస చేతికి చుట్టుకుని పడవలోకి వచ్చాడు.

కెప్టెన్ సీటి ఊదాడు. తాడు బిగిసింది. పడవ కదలగానే మామ గొంతెత్తి పిలిచాడు. నాలుకతో చేసే ఆ పిలుపు నాకు రాయడానికి రాదు. పొట్టేలు ముందు కాళ్ళు తన్ని పెట్టింది, ఒక్క క్షణం బెదిరింది, దూకింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఒకటి, తరువాత మందంతా. ఎదుటివాణ్ణి తిట్టాలంటే అందరం గొర్రెదాటు అంటాము. ఆ రోజు నేను ఆ గొర్రెదాటుకు మనసులోనే దండం పెట్టాను. నీళ్ళ మీద తలలు మాత్రమే కనపడుతూ మా వెనకే వస్తున్నాయి.

నడిమిట్లోకి వచ్చేసరికి అతుకు అంచు లేచింది. బుడగలు వస్తున్నాయి. ఎంత తొక్కినా ముందు గది లేవడం లేదు, నీళ్ళు లోపలికి వస్తున్నాయి. నా ఒళ్ళో పిల్లలు అరుస్తున్నాయి, నేనూ అరుస్తున్నాను. మామ పొట్టేలును ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేతిని అతుకు మీద వేసి అదిమాడు. అట్లా వంగి, నీళ్ళు గడ్డానికి తగులుతుంటే, గొర్రెలను పిలుస్తూనే ఉన్నాడు. మధ్యలో నా వైపు తిరిగి "తొక్కు బిడ్డ, తొక్కు" అన్నాడు. నేను తొక్కాను. అంతకు మించి నాకేమీ రాదు.

ఒడ్డు తగిలిందని నాకు తెలియలేదు. "అక్కా, నేల మీదున్నం, ఇగ చాలు" అని గీత కార్మికుడు చెప్పేదాకా తొక్కుతూనే ఉన్నానట. గొర్రెలు నీళ్ళు విదిలించుకుంటూ ఒక్కొక్కటే ఎక్కాయి. మామ లెక్క చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. ఒక ముసలి గొర్రె రాలేదు. చాలా ఈతలు ఈని మందను పెంచిన గొర్రె అది. ఆయన నీళ్ళ వైపు రెండడుగులు వేశాడు. అత్తమ్మ వెనక నుంచి వచ్చి ఆయన వీపు మీద రెండు పిడికిళ్ళతో గుద్దుతూ, తిడుతూ, ఏడుస్తూ పట్టుకుంది. ఊరంతా చూస్తున్నా ఆయన ఆ గుద్దులు పడుతూనే నిలబడ్డాడు.

అప్పుడే జీపు వచ్చింది. సారు దిగి, మందను, పడవను, మమ్మల్ని చూశాడు. గాలి పోయి పడవ నేలకు అతుక్కుని ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. "ఈసారి నేనే ఎంబడి పడి తెప్పిస్త. మీకేమేం కావాల్నో చెప్పుండ్రి" అన్నాడు.

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. మోటరన్నారు, పెట్రోలన్నారు, తెడ్లు, తాళ్ళు, సొంత పంపు, కొత్త పడవ. ఆ గోలలోంచి మామ ముందుకు వచ్చాడు. గోచి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన చెయ్యి చాచి నన్ను చూపించాడు.

"సారూ, అన్నిటికన్న ముందు మా కోడలికి ఈత నేర్పియ్యిండ్రి. ఈత రాదని ఎరికుండే నాకోసం నీళ్ళల్లకొచ్చింది. దారి పొడుగూత నాకు గదే బుగులు" అన్నాడు.

సారు నా వైపు తిరిగి "నిజమేనా అమ్మా? నీకు ఈత రాదా?" అని అడిగాడు. నాకు అప్పటిదాకా రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.